ఉప్పుగాలిలో డీ2 మడత కత్తి

డీ2 స్టీలు మడత కత్తి కొనవచ్చా అని ఎవరైనా అడిగితే, మీ ఊరు సముద్రానికి ఎంత దూరమని ముందు నేను అడుగుతాను. మాకు నెల్లూరు జిల్లా పొదలకూరు మండలంలో నిమ్మతోట ఉంది. బావమరిదికి సముద్రం దగ్గర విడవలూరు వైపు రొయ్యల గుంటలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా నా జేబులో ఉండేది ఈ ఒక్క కత్తే, అదీ కొన్నేళ్లుగా. తోట పనిలో దీనికి వంక పెట్టలేను. గుంటల దగ్గర మాత్రం దీని అవస్థ చూస్తే జాలేస్తుంది.

చైనా తయారీ. నేను కొన్నప్పుడు ధర నాలుగు వేల లోపు. బ్లేడు మూడు అంగుళాల పైచిలుకు, వెన్ను దగ్గర మూడు మిల్లీమీటర్ల మందం. పిడికి రెండు పక్కలా జీ10 (గాజునార, రెసిన్ కలిపి చేసిన) పలకలు, లోపల లైనర్ లాక్, అంటే తెరిచిన బ్లేడు మూసుకోకుండా అడ్డుపడే స్ప్రింగు రేకు. కంపెనీ పేరు చెప్పి లాభం లేదు, ఇదే పోలికలో ఎన్నో పేర్లతో కత్తులు దొరుకుతున్నాయి. నేను చెప్పబోయే మంచీ చెడూ ఎక్కువగా స్టీలువే.

డీ2 పుట్టింది కత్తుల కోసం కాదు. ఇనుప రేకులను గుద్ది ఆకారాలు తీసే డైలు, పంచ్‌లు చేసే స్టీలు ఇది. మా పెదనాన్న కొడుకు చెన్నై అంబత్తూరులో ప్రెస్ టూల్స్ పనిలో ఉన్నాడు. కత్తి చేతికివ్వగానే బ్లేడు మీద పేరు చదివి, "ఇది ఒక పట్టాన అరగదు తమ్ముడూ, తుప్పు మాత్రం పడుతుంది, చూసుకో" అన్నాడు. ఇక్కడితో ఆపేసినా ఈ సమీక్షకు పెద్ద లోటేమీ రాదు.

ఇందులో కార్బన్ సుమారు 1.5 శాతం, క్రోమియం 12 శాతం. స్టెయిన్‌లెస్ అనడానికి 10.5 శాతం క్రోమియం చాలు కదా, మరి దీనికి తుప్పెందుకు అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్లు అనే గట్టి పలుకులుగా మారిపోతుంది. అరుగుదలను అడ్డుకునేవి ఆ పలుకులే. వాటికి పోగా తుప్పును ఆపడానికి మిగిలే క్రోమియం తక్కువ. అంటే ఏ గుణం చూసి మనం డబ్బు పెడుతున్నామో, తుప్పు కూడా ఆ గుణంతోపాటే వస్తోంది.

పదును సంగతికి వస్తే, తోటలో చాకును మొండి చేసేది కొమ్మలూ కాయలూ కాదు, మట్టి పట్టిన గోనె సంచులు. నారలో ఇరుక్కున్న ఇసుక వాదరను గీకేస్తుంది. మామూలు స్టెయిన్‌లెస్ చాకుతో సంచులు కోస్తే సాయంత్రానికి అది తాడు మీద జారుతుంది. డీ2 అలా కాదు. సానపట్టిన కొత్తలో కాగితాన్ని చప్పుడు లేకుండా చీల్చే నునుపైన పదును ఒకటి ఉంటుంది. అది త్వరగానే పోతుంది, దాన్ని చూసి బెంగ పడనక్కర్లేదు. ఆ తర్వాత మిగిలే గరుకు పదును మాత్రం ఎంతకీ వదలదు. నైలాన్ తాడు, పురికొస, ఎరువు బస్తా కుట్లు, అన్నీ దానితోనే తెగుతాయి.

డ్రిప్ పైపు దగ్గర తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మొండి చాకుతో 16 మిల్లీమీటర్ల లేటరల్‌ను కోస్తే పైపు ముందు నలిగి, తర్వాత ఏటవాలుగా తెగుతుంది. జాయినర్ ఒక పక్కే కూర్చుంటుంది, మోటారు వేయగానే అక్కడి నుంచి నీళ్లు చిమ్ముతాయి. ఈ కత్తితో ఒక్క నొక్కు చాలు, చివర గుండ్రంగా, నిలువుగా తెగుతుంది. ఈ ఒక్క పనికే దీన్ని కొన్నా నష్టం లేదు.

అయితే తోటలో దీనికి శత్రువు నిమ్మకాయే. రసంలో సిట్రిక్ ఆమ్లం ఐదారు శాతం దాకా ఉంటుంది. కాయ కోసి వెంటనే కడిగి తుడిస్తే ఏమీ కాదు. రసం బ్లేడు మీదే ఆరిపోతే అక్కడ బూడిద రంగు మచ్చ తేలుతుంది, దాని అంచున నిమ్మతొనల ఆకారం కూడా కనిపిస్తుంది. రుద్దితే పోదు. పనికి అడ్డం కాదు కాబట్టి నేను పట్టించుకోను. కొత్త కత్తిని అద్దంలా ఉంచుకోవాలనుకునేవారికి మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది.

విడవలూరులో జరిగేది వేరు. అక్కడ మేత బస్తాలు విప్పాలి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకు కట్టిన తాళ్లు కోయాలి, వలలో చిక్కిన దారం తీయాలి. చేతులు ఎప్పుడూ ఉప్పునీటి తడితోనే ఉంటాయి. బ్లేడును తుడుస్తూనే ఉంటాం కాబట్టి దాని పక్కలు బాగానే ఉన్నాయి. తుప్పు మొదలైంది గుడ్డ అందని చోట: బ్లేడు మీద చెక్కిన అక్షరాల గాడిలో, బొటనవేలితో తెరిచే బొడిపె మొదట్లో, కీలు లోపల. అక్షరాల్లో ముందు నారింజ రంగు చుక్కలు కనిపించాయి. వాటిని తోమేశాక సూదితో పొడిచినట్టు సన్నని గుంతలు మిగిలాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో అయితే గుంటల వైపు పోకపోయినా, జేబులోని చెమటే చాలు. నల్లపూత బ్లేడు తీసుకుంటే సరిపోతుంది కదా అంటారు. పూత పక్కలనే కాపాడుతుంది. సానపట్టిన అంచు మీద పూత ఉండదు, కోసే పని చేసేది ఆ అంచే.

అందుకే బావమరిదికి 14సీ28ఎన్ అనే స్వీడన్ స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి ఇప్పించాను. "నీది కోసినన్నాళ్లు ఇది కోయదు బావా" అని గొణుగుతాడు. నిజమే, దాన్ని తరచుగా సానపట్టాలి. కానీ పని అయ్యాక మంచినీళ్లలో జాడించి జేబులో వేసుకుంటాడు, మళ్లీ దాని ఊసెత్తడు. ఇంకా ఖర్చు పెట్టగలిగితే ఎల్‌సీ200ఎన్ అనే స్టీలు ఉంది. అందులో కార్బన్‌ను బాగా తగ్గించి నైట్రోజన్ కలుపుతారు, కాబట్టి క్రోమియం పలుకుల్లో చిక్కుకోకుండా తుప్పును ఆపే పనికి మిగులుతుంది. ఉప్పునీటి పనికి అలాంటిదే తగినది. ఎం4, కే390 లాంటి, లోహపు పొడితో చేసే ఖరీదైన స్టీళ్లను చూసి నోరూరేవారు ఒకటి గమనించాలి: పదును నిలపడంలో అవి డీ2ని మించినవే, కానీ వాటిలో క్రోమియం నాలుగు శాతం దగ్గరే. మన కోస్తా గాలికి అవి డీ2 కన్నా ముందే లొంగుతాయి.

స్టీలు పేరు ఒక్కటే చూసి కొనడం కూడా సరికాదు. కాచి చల్లార్చడం సరిగా లేకపోతే డీ2 కూడా రేకు ముక్కే. గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 59 నుంచి 61 మధ్య ఉందని చెబితే మంచిదే. అంతకన్నా బాగా తక్కువైతే అంచు మడత పడుతుంది. మరీ ఎక్కువైతే పెళుసై, చిన్న పెచ్చులుగా ఊడుతుంది. అసలు డీ2కి మెలితిప్పే పని పడదు. డబ్బా మూతలు లేపడానికి, మేకులు పెకలించడానికి దీని మొన వాడారంటే అది విరిగి చేతికొస్తుంది. దానికి స్క్రూడ్రైవర్ ఉంది.

సానపట్టడం ఓపిక పని. మామూలు సానరాయి మీద పని అవుతుంది గానీ చాలాసేపు పడుతుంది. డైమండ్ ప్లేటు ఒకటి కొనుక్కోండి, 400 గ్రిట్ (గరుకు) ఒక వైపు, 1000 గ్రిట్ (నునుపు) ఒక వైపు ఉండేది. ఒక్కో పక్క ఇరవై డిగ్రీల వాలు ఉంచి, చివర పాత తోలు బెల్టు మీద నాలుగుసార్లు లాగితే చాలు. బజారులో తిరిగే సాన చక్రానికి మాత్రం ఇవ్వకండి. నిప్పురవ్వలు రాలేలా పడితే పలుచని అంచు వేడెక్కి మెత్తబడుతుంది, తర్వాత ఎంత పట్టినా పదును నిలవదు. నూనె విషయంలో కూడా జాగ్రత్త: కీలులో వేరుశనగ నూనె వేస్తే జిగురై మట్టిని పట్టుకుంటుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క నయం. పండ్లు కోసేవారు బ్లేడును తుడిచి వాడితే సరి.

దుకాణంలో చూడాల్సింది లాక్. బ్లేడు తెరిచి, లైనర్ రేకు బ్లేడు మడమ (కీలు వైపు చివర) కింద ఎంతవరకు వచ్చిందో చూడండి. అంచునే ఆగిపోతే జారి వేళ్ల మీదికి మూసుకునే ప్రమాదం ఉంది. పిడి అవతలి పక్కకు తగిలితే అప్పటికే అరిగినట్టు లెక్క. వెన్ను మీద బొటనవేలితో మెల్లగా నొక్కినా కదలకూడదు. తోట, గుంట పనులకు కీలులో బాల్ బేరింగులు వద్దు. తెరవడం హాయిగా ఉంటుంది గానీ మన్ను దూరితే గరగరమంటాయి. కంచు వాషర్లు ఉన్నది ఎంచుకోండి. స్క్రూలు టీ6, టీ8 సైజులో (నక్షత్రం గాడితో) ఉంటాయి, ఆ బిట్లు కత్తితోపాటే కొనకపోతే తరువాత వెతుక్కోవాలి.

చట్టం గురించి చాలామంది భయపడతారు. 1959 ఆయుధాల చట్టం కింద నిబంధనల్లో చెప్పినది తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు, లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తుల గురించి. వాటిలో కూడా ఇంటి, వ్యవసాయ పనుల కోసం చేసినవి వేరు. మూడంగుళాల చాకు ఆ లెక్కలోకి రాదు. అలాగని పెళ్లిళ్లకు, సభలకు వేసుకుపోయే వస్తువు కాదు. రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో ఉంటే అక్కడే వదిలి రావాలి, చెక్ ఇన్ చేసే పెట్టెలో పెట్టుకోండి.