లోధీ కాలనీ గోడల దగ్గర రెండు ఉదయాలు

చాలా కాలంగా అనుకుంటున్న లోధీ కాలనీ ప్రయాణం ఫిబ్రవరి చివర్లో, ఢిల్లీ చలి తగ్గి ఎండ ఇంకా ముదరని రోజుల్లో కుదిరింది. అక్కడికి వెళ్లేవారు జోర్‌బాగ్ మెట్రో స్టేషన్‌లో దిగి నడవడం మేలు. ఖన్నా మార్కెట్ నుంచి మెహర్‌చంద్ మార్కెట్ దాకా ఉన్న వీధుల్లో, 1940లలో బ్రిటిష్ ప్రభుత్వం ఉద్యోగుల కోసం కట్టించిన రెండంతస్తుల క్వార్టర్ల గోడలపై 50కి పైగా పెద్ద చిత్రాలు ఉన్నాయి. వీధి గోడలపై బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ 2015-16లో ఈ పని మొదలుపెట్టింది. టికెట్టు లేదు, గేటు లేదు, ఎవరినీ అడగవలసిన పని లేదు.

ఈ చోటును ఎంచుకోవడంలోనే సగం నేర్పు ఉందని నడుస్తున్నకొద్దీ అర్థమైంది. రోడ్లు వెడల్పుగా ఉంటాయి, గోడలు ఎత్తుగా, కిటికీలు తక్కువగా ఉంటాయి, చాలా గోడల మధ్యలో లోపలి ఆవరణకు దారితీసే ఆర్చి ఉంటుంది. మంచి చిత్రకారులు ఆ ఆర్చిని అడ్డుగా భావించకుండా బొమ్మలో కలుపుకున్నారు. ఒక గోడకు ఒకే చిత్రం కావడం వల్ల, ఒకటి చూసి రెండోదాన్ని చేరేలోపు వేపచెట్ల నీడలో కంటికి కొంత విరామం దొరుకుతుంది. ఫ్రెంచి కళాకారులు లెక్, సోవాట్‌లతో కలిసి హనీఫ్ కురేషీ అక్షరాలతో నింపిన గోడ ముందు నేను అరగంట నిలబడ్డాను. సైన్‌బోర్డులు రాసే పెయింటర్ల చేతిరాతలను భద్రపరచడానికి పూనుకున్న హనీఫ్ 2024లో కన్నుమూశారు. మన ఊళ్లలో లారీల వెనుకా దుకాణాల పైనా తెలుగు అక్షరాలను ఒంపులు తిప్పి రాసిన పెయింటర్ల పని కూడా అలా దాచుకోవలసిందేనని ఆ గోడ చూస్తుంటే బలంగా అనిపించింది.

ఒక క్వార్టరు మెట్ల దగ్గర నా తెలుగు ఫోన్ మాటలు విని, విజయనగరం నుంచి వచ్చి అక్కడ ఉంటున్న ఒక పెద్దావిడ పలకరించారు. "మొదట్లో మా గోడమీద ఏం గీసేస్తారోనని భయపడ్డాం బాబూ. ఇప్పుడు చిరునామా చెప్పాలంటే బొమ్మ పేరే చెబుతున్నాం. కానీ అడుగున చూడు, పెచ్చులు లేచిపోతున్నాయి," అన్నారు. వంగి చూస్తే నిజమే, నేలనుంచి జానెడు ఎత్తున చెమ్మ ఎక్కి, నీలిరంగు పొర గోరుతో తీస్తే వచ్చేలా ఉబ్బి ఉంది. ఇక్కడ ఉద్యోగులు బదిలీలమీద మారిపోతారు, గోడ ప్రభుత్వానిది, బొమ్మ చిత్రకారుడిది, కాబట్టి ఆ పెచ్చును ఎవరు చూసుకోవాలన్నది బొమ్మ వేయకముందే తేలవలసిన విషయం. 2016లో ఇదే స్టార్ట్ సంస్థ బొమ్మలు వేయించిన హైదరాబాదు ఎం.ఎస్. మక్తా ఇరుకు సందుల్లోనూ నన్ను వేధించిన ప్రశ్న ఇదే.

బస విషయంలో నేను పొరబడ్డాను. కాలనీకి దగ్గర అని బుక్ చేసుకున్న గెస్ట్‌హౌస్ నిజానికి ఆటోలో ఇరవై నిమిషాల దూరం, పైగా వేడినీళ్లు రెండు రోజులూ రాలేదు. కొంచెం ఎక్కువైనా లోధీ రోడ్డు చుట్టుపక్కలే గది తీసుకుంటే పొద్దున్నే నడిచి రావచ్చు. డబ్బిచ్చి వెళ్లిన గైడ్ నడక మాత్రం నచ్చింది, గైడ్ అమ్మాయి ప్రతి గోడ ముందూ ఆగి, ఆ ఇంటివాళ్లు ఏమన్నారో కూడా చెప్పింది. భోజనానికి ఖన్నా మార్కెట్ చాలు, మెహర్‌చంద్ మార్కెట్‌లో ధరలు ఎక్కువ.

పది దాటితే కార్లు నిలిపి చిత్రాల కింది సగం మూసేస్తారు, అందువల్ల ఏడింటికే వెళ్లాలి. ఒక్క గోడ కోసం మాత్రం ఎండ ఎక్కాక మళ్లీ రావాలి. డాకు అనే పేరుతో పనిచేసే కళాకారుడు గోడనుంచి బయటికి పొడుచుకొచ్చేలా అక్షరాలను బిగించాడు. పొద్దున అవి అర్థం కాని రేకుల్లా ఉన్నాయి. రెండో రోజు పదకొండున్నరకు వెళ్లేసరికి వాటి నీడలు గోడమీద మాటలై పరుచుకున్నాయి, చదువుతూ ఉండగానే మెల్లగా పక్కకు సాగిపోతున్నాయి.