థ్రాటిల్ బాడీ కూలెంట్ బైపాస్: చాలా కాలం వాడాక నా అనుభవం

థ్రాటిల్ బాడీ అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఒక వాల్వ్‌తో తగ్గించి పెంచే భాగం. దానికి వెళ్లే రెండు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) హోస్‌లనూ ఊడదీసి, ఒకదానికొకటి కలిపేసి, టర్బో పెట్రోల్ కారును చాలా కాలంగా అలాగే నడుపుతున్నాను. పవర్ పెరుగుతుందని ఆశపడి మాత్రం ఈ పని పెట్టుకోకండి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని బయటపడ్డాక ఇంజిన్ కాస్త త్వరగా తేరుకుంటే చాలనుకునేవాళ్లు, గడ్డకట్టే చలి లేని చోట ఉంటే, చేయించుకోవచ్చు.

అక్కడికి వేడి కూలెంట్ పంపడం వెనక కారణం ఉంది. తేమ నిండిన చల్లటి గాలి, కొంచెమే తెరుచుకున్న వాల్వ్ సందులోంచి దూరేటప్పుడు ఒత్తిడి పడిపోయి ఇంకా చల్లబడుతుంది. ఆ తేమ వాల్వ్ అంచున మంచుగా పేరుకుంటే వాల్వ్ పట్టేసే ప్రమాదం ఉంది. యాక్సిలరేటర్ వదిలినా థ్రాటిల్ మూసుకోకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే 90 డిగ్రీల దరిదాపుల్లో ఉండే కూలెంట్‌ను అందులోంచి తిప్పుతారు.

టర్బో కార్లవాళ్లకు ఇది ఎందుకు నచ్చదో కూడా అర్థమవుతుంది. టర్బోలో నొక్కుకుపోయిన గాలి 100 డిగ్రీలు దాటిపోతుంది. దాన్ని ఇంటర్‌కూలర్ కష్టపడి చల్లబరిస్తే, చివర్లో మళ్లీ వేడి లోహంలోంచి పంపడమేమిటి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, అందుకే చేశాను.

కానీ లెక్క వేసి చూడండి. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ సెకనుకు 150 గ్రాముల గాలి పీలుస్తోందనుకుందాం. ఆ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 150 వాట్ల వేడి కావాలి. థ్రాటిల్ బోర్ (లోపలి వ్యాసం) 60 మిల్లీమీటర్లు, పొడవూ ఇంచుమించు అంతే. గాలి అందులో ఉండేది రెండు మూడు మిల్లీసెకన్లు. అంత తక్కువ సమయంలో, అంత చిన్న గోడ నుంచి గాలికి ఎక్కే వేడి మహా అయితే ఒక డిగ్రీ. గాలి మూడు డిగ్రీలు చల్లబడితే సాంద్రత పెరిగేది ఒక శాతం. అంటే ఈ బైపాస్‌తో వచ్చేది శాతంలో మూడో వంతు కూడా కాదు. పవర్ కొలిచే డైనో మీద ఒకే కారును వరసగా రెండుసార్లు పరీక్షించినా అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది.

ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, కథ వేరు. అప్పుడు గాలి సెకనుకు మూడు గ్రాములే అనుకుంటే, డిగ్రీకి మూడు వాట్లు చాలు. అది నిదానంగా కదులుతుంది కాబట్టి వేడిని బాగానే పట్టుకుంటుంది. కారు సెన్సర్ల రీడింగులు చూపే ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తే నాకు కనిపించినదీ ఇదే. హైవే మీద ఇన్‌టేక్ టెంపరేచర్‌లో (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడిలో) బైపాస్‌కు ముందూ తర్వాతా తేడా పట్టుకోలేకపోయాను. సిగ్నళ్ల దగ్గర ఆగుతూ పోతున్నప్పుడు మాత్రం కొన్ని డిగ్రీలు తక్కువ చూపించింది, రోడ్డు ఖాళీ అయ్యాక రీడింగ్ త్వరగా దిగింది. ఇన్‌టేక్ వేడెక్కితే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది కాబట్టి, ట్రాఫిక్ దాటగానే వచ్చే ఆ మందకొడితనం కొంచెం తగ్గింది. కొంచెమే. ఎందుకంటే థ్రాటిల్ బాడీని బిగించింది సిలిండర్లకు గాలి పంచే మ్యానిఫోల్డ్‌కే. కూలెంట్ రాకపోయినా ఆ లోహం ద్వారా వేడి వస్తూనే ఉంటుంది. ఎక్కువసేపు ఐడిల్‌లో ఉన్నాక ముట్టుకుంటే ఇప్పటికీ చుర్రుమంటుంది.

ఒక విషయం గమనించండి. నా కారులో టెంపరేచర్ సెన్సర్ మ్యానిఫోల్డ్ మీదే ఉంది. చాలా కార్లలో అది థ్రాటిల్‌కు ముందు, ఇంటర్‌కూలర్ పైపులో ఉంటుంది. అలాంటి కారులో బైపాస్ వల్ల థ్రాటిల్ దాటాక గాలి ఎంత చల్లబడిందో ఆ సెన్సర్‌కు తెలిసే దారే లేదు.

పని చిన్నదే, కానీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. హోస్‌లకు బిరడాలు కొట్టకండి, రెండింటినీ కలపండి. కొన్ని ఇంజిన్లలో అదే దారి టర్బోకో, కూలెంట్ ఉండే ఎక్స్‌పాన్షన్ ట్యాంకుకో పోతుంది. ప్లాస్టిక్ జాయినర్ వేడికి పెళుసుబారుతుంది, ఇత్తడిదో అల్యూమినియందో సరైన సైజులో తీసుకోండి. పని అయ్యాక సిస్టమ్‌లోని గాలి బయటికి తీయాలి, లేదంటే ఎయిర్ లాక్ అయి ఇంజిన్ ఓవర్‌హీట్ కావచ్చు. ఇంత కాలంలో నా జాయింట్ ఒక్క చుక్క కూడా కారలేదు. అయినా సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ క్లాంపులు చూపించుకుంటాను. కేబుల్ థ్రాటిల్ ఉన్న పాత కార్లలో చల్లటి ఇంజిన్‌కు ఐడిల్ వేగం పెంచే ఫాస్ట్ ఐడిల్ వాల్వ్ కూలెంట్ వేడితోనే మూసుకుంటుంది. అలాంటి కారులో బైపాస్ చేస్తే ఇంజిన్ వేడెక్కినా ఐడిల్ దిగదు, దాని జోలికి పోకండి.

నేను అనుకోని లాభం ఒకటి దొరికింది. థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడానికి ఊడదీసేటప్పుడు కూలెంట్ పోతుందన్న టెన్షన్ లేదు. నిజం చెప్పాలంటే బైపాస్ ఉంచుకోవడానికి నాకు ఇదే పెద్ద కారణం.

ఇన్‌టేక్ టెంపరేచర్ నిజంగా దిగింది మాత్రం ఇంటర్‌కూలర్ దగ్గర పని చేశాకే. రెక్కల్లో పేరుకున్న దుమ్మూ పురుగులూ కడిగించాను. ముందు నుంచి వచ్చే గాలి పక్క సందుల్లోంచి జారిపోకుండా ఫోమ్‌తో మూయించాను. హైవే మీద రీడింగ్ తగ్గడం అప్పుడే చూశాను, ఎత్తు ఎక్కేటప్పుడు కాలికి కూడా తెలిసింది. చేతిలో ఒక్క పూట ఖాళీ ఉంటే ముందు అది చేయించండి.

మంచు పడే ప్రాంతానికి వెళ్లాల్సి వస్తే హోస్‌లు మళ్లీ పాత చోట బిగించే వెళతాను. అందుకే వాటిని కోయకుండా, ఉన్న పొడవులోనే కలిపించాను. మళ్లీ బిగించాక కూడా గాలి తీయడం, కూలెంట్ లెవెల్ చూసుకోవడం తప్పదు.