స్విఫ్ట్‌కి వెనక స్పాయిలర్ నేనే బిగించుకున్నా, నాలుగేళ్ళు వాడాక రాస్తున్నా

స్పాయిలర్ (కారు వెనక అంచున అందానికి పెట్టే రెక్కలాంటి ముక్క) చూసినవాళ్ళంతా ముందు అడిగేది ఒకటే, స్క్రూలు లేకుండా టేపు మీద ఉంటే ఊడిపోదా అని. ఊడలేదు. 2018 మోడల్ వీఎక్స్ఐ, తెల్ల రంగు, 2021 సెప్టెంబర్ నెలాఖరులో గులాబ్ తుపాను వచ్చి వెళ్ళాక దసరా ముందు బిగించాను, ఇప్పటికీ అక్కడే ఉంది. డిక్కీకి ఒక్క రంధ్రం పెట్టలేదు. మధ్యలో ఒకసారి ఎడమ చివర కొంచెం లేచింది, దాని సంగతి కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే కొనేవాళ్ళకి పనికొచ్చే విషయం అందులోనే ఉంది.

మాది ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి. కారు ఎక్కువగా తిరిగేది పాతపట్నం, టెక్కలి మీదుగా 16వ నంబరు హైవే ఎక్కి బరంపురం వైపో శ్రీకాకుళం వైపో, అప్పుడప్పుడు ఆర్.ఉదయగిరి, మోహన దాటి తప్తపాణి ఘాటీ దిగి. అంటే గతుకులు, ఘాటీ మలుపులు, హైవే స్పీడు, ఎర్రమట్టి, మే నెల ఎండ, తుపాను వాన, అన్నీ తగిలాయి. ఏసీ షోరూంలో నిలబెట్టిన బండి గురించి చెప్పడం లేదు.

నేను పెట్టింది డిక్కీ తలుపు పైఅంచున కూర్చునే రూఫ్ స్పాయిలర్. కాళ్ళమీద లేచి నిలబడే పెద్ద వింగ్ కాదు, అది చిన్న కారుకి బొత్తిగా నప్పదు, పైగా దాన్ని టేపు మీద నిలబెట్టాలని చూడకండి. మెటీరియల్ ఏబీఎస్ ప్లాస్టిక్. ఫైబర్‌వి కూడా దొరుకుతాయి, చవకే గానీ బరువెక్కువ, పైగా కొలత సరిగ్గా రాదు, అచ్చు నుంచి తీసిన ప్రతి ముక్కా కాస్త తేడాగా ఉంటుంది. బరువు సంగతి చిన్నదేం కాదు. డిక్కీని ఎత్తి పట్టేవి రెండు గ్యాస్ రాడ్లు, చలికి లోపలి గ్యాస్ ప్రెషర్ తగ్గుతుంది. డిసెంబర్, జనవరి నెలల్లో మోహన వైపు చలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు, అక్కడ పొద్దున్నే నా డిక్కీ ముప్పావు వంతు లేచి ఆగిపోతుంది, చేత్తో పైకి తోయాలి. స్పాయిలర్ పెట్టకముందు ఇలా ఉండేది కాదు. రాడ్లకి వయసు కూడా వచ్చింది కాబట్టి తప్పంతా స్పాయిలర్‌దే అనను, కానీ తేలిక ఏబీఎస్‌కే ఇలా ఉంటే ఫైబర్‌కి ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

రంగు వేయని ముక్క కొని, పెయింటింగ్ బరంపురంలో చేయించాను. ఇంజన్ దగ్గర ప్లేటు మీద ఉండే కలర్ కోడ్ ఫోటో తీసుకెళ్తే కంప్యూటర్‌లో కలిపి ఇస్తారు. పెర్ల్ తెలుపు కాబట్టి మామూలు తెలుపు కొట్టి పంపేస్తే ఎండలో ఇట్టే తెలిసిపోతుంది, తెల్ల బేస్, దానిమీద పెర్ల్ కోటు, ఆ పైన క్లియర్, మూడూ పడాలి. దానికంటే ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పడాలి, అది లేకపోతే ఏడాది తిరక్కుండానే పెచ్చులు లేస్తాయి. నాలుగేళ్ళకి నాది పెచ్చు లేవలేదు గానీ పైభాగంలో క్లియర్ మెరుపు తగ్గింది, డిక్కీ పక్కన పెట్టి చూస్తే ఒక పిసరు పసుపు కనిపిస్తుంది. రోజంతా ఎండ తినే చోటు కదా, నాకు అది సమ్మతమే.

ఇక బిగించడం. ఇందులో సగానికి పైగా పని టేపు ఊడదీయకముందే అయిపోవాలి.

ముందు ఉత్తినే పెట్టి చూడాలి. కారు కడిగి, స్పాయిలర్‌ని డిక్కీ మీద పెట్టి, చేతులు తీసేసి చూడండి. అది తనంతట తాను కూర్చోవాలి. మధ్యలో ఆని చివర్లు లేచి ఉన్నా, చివర్లు ఆని మధ్యలో సందున్నా ఎక్కడ ఎంత సందు ఉందో విజిటింగ్ కార్డులు దూర్చి చూడండి. ఒక కార్డు దూరితే ఫరవాలేదు, టేపు మందమే ఆ సందు నింపేస్తుంది. నాలుగైదు కార్డులు దూరితే ఆ ముక్క వెనక్కి పంపేయండి, నొక్కితే కూర్చుంటుంది అని అమ్మేవాళ్ళు ఎంత చెప్పినా సరే. వీహెచ్‌బీ లాంటి, రెండు వైపులా గట్టిగా అంటుకునే ఫోమ్ టేపుకి పక్కకి లాగే బలాన్ని తట్టుకునే సత్తా చాలా ఉంటుంది, కానీ ఒక అంచు నుంచి పైకి ఒలిచే బలానికి అది లొంగిపోతుంది. వంచి బలవంతంగా కూర్చోబెట్టిన ప్లాస్టిక్ రోజూ, ప్రతి గంటా తన అసలు ఆకారానికి వెళ్ళాలని ఆ అంచుని ఒలుస్తూనే ఉంటుంది, ఎండకి టేపు మెత్తబడినప్పుడు ఇంకా ఎక్కువ. నా ముక్కలో కుడివైపు చక్కగా ఆనింది. ఎడమ చివర రెండు కార్డుల సందుంది, అది హద్దు మీద ఉందని తెలిసే పెట్టాను. రెండో ఎండాకాలంలో లేచింది సరిగ్గా ఆ చివరే, బొటనవేలు వెడల్పున.

డిక్కీ పూర్తిగా ఎత్తి కూడా చూడాలి. ఇది చాలామంది చూడరు. కీళ్ళు పైన ఉంటాయి కాబట్టి తలుపు లేస్తుంటే స్పాయిలర్ ముందు అంచు రూఫ్ వైపు తిరుగుతుంది, అర అంగుళం ముందుకి పెట్టినా రూఫ్ పెయింటు గీసుకుపోతుంది. మాస్కింగ్ టేపుతో తాత్కాలికంగా అంటించి, ఒకరు స్పాయిలర్ పట్టుకుంటే ఇంకొకరు మెల్లగా డిక్కీ ఎత్తాలి. మా మేనల్లుడు పక్కన నిలబడి, "మావయ్యా, ఇంకో గీత కిందికి దింపు, అప్పుడే రూఫ్‌కి తగలదు" అంటూ చెబుతుంటే సర్దాను. తగలకుండా ఉన్న చోట చుట్టూ మాస్కింగ్ టేపుతో హద్దులు వేసుకున్నాం. అలాగే పైన ఉండే మూడో బ్రేక్ లైటు ఏ మూలా మూసుకుపోకూడదు. వెనక బండివాడికి ఘాటీ మలుపులో ముందు కనబడేది అదే.

స్పాయిలర్‌తో పాటు అతికించి వచ్చిన టేపు పలచటి తెల్ల ఫోమ్, దాన్ని పూర్తిగా తీసేసి త్రీఎం కంపెనీ వీహెచ్‌బీ ఆటోమోటివ్ టేపు వేశాను. ఈ ఖర్చు దగ్గర వెనకాడొద్దు. డిక్కీ అంచు తుడవడానికి ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాను, మొబైల్ రిపేరు షాపుల్లో దొరుకుతుంది, సగం నీళ్ళు కలిపి పీచు రాలని గుడ్డతో ఒకే దిక్కుగా తుడిచి, వేరే పొడి గుడ్డతో వెంటనే ఒత్తాలి. పాలిష్, వ్యాక్స్ ఏది ఉన్నా పోవాలి. సర్వీసింగ్‌లో కొట్టే మెరుపు స్ప్రే ఈ టేపుకి మొదటి శత్రువు, కాబట్టి ముందు రోజు సర్వీసింగ్ చేయించి తెచ్చిన కారు మీద ఎప్పుడూ అంటించకండి. ఆ తర్వాత టేపు పడే చోట మాత్రమే ప్రైమర్ 94 (టేపు పట్టు పెంచే ద్రవం, రంగు కింద వేసే ప్రైమర్ కాదు) పలచగా రాశాను. పక్కకి కారితే మరక పడుతుంది, మాస్కింగ్ హద్దులు ఇక్కడ కూడా పనికొస్తాయి.

వేళ కూడా ముఖ్యం. ఈ టేపు అంటించడానికి 21 నుంచి 38 డిగ్రీల మధ్య మంచిదని కంపెనీయే చెబుతుంది. మన దగ్గర మే నెల మధ్యాహ్నం రూఫ్ మీద చెయ్యి పెట్టలేం, వానాకాలంలో రేకు మీద చెమ్మ ఆరదు. వానలు తగ్గి ఎండ ముదరని రోజుల్లో పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య నీడలో పెట్టాం. టేపు కాగితం మొత్తం ఒకేసారి తీయకూడదు. రెండు చివర్లా కొద్దిగా తీసి, తోకలు బయటికి మడిచి, స్పాయిలర్ హద్దుల్లో కూర్చున్నాక ఒకరు పట్టుకుంటే ఇంకొకరు ఆ తోకలు మెల్లగా లాగాలి. ఒకసారి అంటుకున్నాక జరపడం ఉండదు. తర్వాత మధ్య నుంచి రెండు వైపులకి అరచేత్తో గట్టిగా నొక్కుకుంటూ పోవాలి, టేపు పట్టు పెరిగేది నొక్కుడుతోనే. 20 నిమిషాలకి సగం పట్టు, 24 గంటలకి 90 శాతం, 72 గంటలకి పూర్తి పట్టు వస్తుంది. ఆ మూడు రోజులూ కారు తీయలేదు, కడగలేదు, డిక్కీ దబాలున వేయలేదు, మాస్కింగ్ టేపు పట్టీలతో స్పాయిలర్‌ని డిక్కీకి లాగి కట్టి ఉంచాను. "పొద్దున పెట్టాం, సాయంత్రం బరంపురం వెళ్ళొచ్చాం" అని చెప్పేవాళ్ళ మాట వినకండి.

డ్రిల్ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. మా దగ్గర బంధువు కారుకి ఒక షాపులో ఇలాంటి స్పాయిలరే స్క్రూలతో బిగించారు. డిక్కీ ఉక్కు రేకు, దాన్ని తుప్పు నుంచి కాపాడేది ఫ్యాక్టరీలో ముంచి పట్టించిన పూత. రంధ్రం పెట్టగానే ఆ అంచున పచ్చి ఉక్కు బయటపడుతుంది. దాని చుట్టూ మామూలు సిలికాన్ పట్టించారు, వెనిగర్ వాసన వచ్చే రకం, అందులోంచి వచ్చే ఆసిడ్ రేకుకి ఇంకా చేటు. రెండు వానాకాలాలకి స్క్రూ దగ్గర్నుంచి అద్దం మీదికి గోధుమరంగు చారలు దిగాయి, లోపలి లైనింగ్ తడిసి ముక్కిపోయిన వాసన వచ్చింది. ఒకవేళ ఏదో కారణంతో డ్రిల్ తప్పకపోతే రంధ్రం అంచుకి తుప్పు పట్టని ప్రైమర్ వేసి, పాలీయురెథేన్ సీలెంట్ వాడించండి, పక్కనే నిలబడి చూసుకోండి.

లేచిన ఎడమ చివర సంగతి. ఆ మధ్య 80 దాటితే వెనక నుంచి సన్నగా ఈల వినిపించేది, కిటికీ రబ్బరు అనుకుని చాలాసేపు వెతికి చివరికి గోరు పెట్టి చూస్తే చివర సందు. దుమ్ము పట్టిన టేపుని మళ్ళీ నొక్కితే అంటుకోదు. హెయిర్ డ్రయర్‌తో వెచ్చజేసి, చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని రంపంలా లాగుతూ ఆ చివర ఒక జానెడు పాత టేపు కోసేశాను, మిగతాది ముట్టుకోలేదు. శుభ్రం చేసి, ఆ సందుకి తగ్గట్టు ఒకదాని మీద ఒకటి రెండు పొరల టేపు వేసి, మళ్ళీ మూడు రోజులు కట్టి ఉంచాను. ఇప్పుడు ప్లాస్టిక్‌ని వంచాల్సిన పని లేదు, సందుని టేపే నింపింది. అప్పటినుంచి కదల్లేదు, ఈలా లేదు. సందున్న ముక్క తప్పనిసరై పెట్టాల్సి వస్తే మొదటి రోజే ఇలా రెండు పొరలు వేయండి.

ఉపయోగం మాటకొస్తే, మైలేజీ పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. నాకు అప్పుడెంతో ఇప్పుడూ అంతే. గాలి నిరోధం స్పీడుకి వర్గంలో పెరుగుతుంది కాబట్టి మన ఊళ్ళ రోడ్ల మీద 50, 60లో స్పాయిలర్‌కి చేయడానికి పనే ఉండదు. హైవే మీద 100 దగ్గర కూడా బండి నిలకడలో తేడా నాకు తెలియలేదు. కారు వెనక గాలి సుడి తిరిగి మట్టిని అద్దానికి కొట్టడం చిన్న కార్లకి ఉండేదే, వానలో ఎర్రమట్టి ఇప్పటికీ అలాగే పడుతోంది. తేడా అంతా చూపులోనే. పక్కనుంచి చూస్తే రూఫ్ గీత ఒక్కసారిగా తెగిపోకుండా వెనక్కి సాగి ఆగుతుంది, స్విఫ్ట్‌కి అది నిజంగా అందం. నాకు అది చాలు, రోజూ కారు ఎక్కే ముందు చూసుకుంటాను.

చట్టం సంగతి కూడా తెలుసుకుని పెట్టాను. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 సవరణలో అలాంటి మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. బాడీ గీత దాటని, పదును లేని, లైట్లు మూయని చిన్న స్పాయిలర్‌కి పాతపట్నం దగ్గర గానీ ఇచ్ఛాపురం దగ్గర గానీ నన్నెవరూ ఆపలేదు, కానీ పక్కలకి పొడుచుకొచ్చే వింగులు పెట్టి అదే ఆశించకండి. ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో దీన్ని యాక్సెసరీగా రాయించండి, లేకపోతే వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు దీని డబ్బు రాదు.

కడిగేటప్పుడు ప్రెషర్ వాటర్ గన్‌ని టేపు అంచుకి ఎదురుగా పెట్టనివ్వొద్దు, అడుగున్నర దూరం నుంచి పైనుంచి కిందికి కొట్టమనండి. సర్వీసింగ్ కుర్రాళ్ళకి ప్రతిసారీ చెప్పాల్సిందే. వెనక వైపర్ ఉన్న జెడ్ఎక్స్ఐ వాళ్ళు కొనేముందు వాషర్ నీళ్ళు చిమ్మే నాజిల్ ఎక్కడుందో చూసి, స్పాయిలర్‌లో దానికి చోటుందో లేదో అడగండి, నా వీఎక్స్ఐకి వైపర్ లేదు కాబట్టి ఆ తలనొప్పి రాలేదు.