మోకాలి కింద తెలుస్తుంది అసలు సంగతి

సోమాజిగూడలో ఒక స్కానింగ్ సెంటర్‌లో రక్తనాళాల్లోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే సీటీ యాంజియోల్లోంచి ధమనులను వేరుచేసి, సర్జన్ల కోసం త్రీడీ బొమ్మలుగా మార్చడం నా పని. ఏళ్ల తరబడి వాడుతున్నది త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్. ఉచితం, ఓపెన్ సోర్స్. రక్తనాళాల కోసం దానికి వీఎంటీకే అనే అదనపు టూల్‌కిట్ జోడించుకుంటాను. పొట్టలోని బృహద్ధమనిని దాదాపు ఏ పద్ధతైనా పట్టేస్తుంది. మాకు ఎక్కువగా వచ్చేది షుగర్ పేషెంట్ల కాళ్లు. అక్కడే ఇబ్బంది.

వెలుగుకు ఒక హద్దు (థ్రెషోల్డ్) పెట్టి, ధమనిలో ఒక బిందువును విత్తనంలా నాటి, అక్కడి నుంచి పక్కవాటికి పాకించే పద్ధతి అందరూ మొదట నేర్చుకునేదే. కాంట్రాస్ట్ ఎక్కిన ధమనీ, ఎముకా ఇంచుమించు ఒకే హౌన్స్‌ఫీల్డ్ విలువల్లో (సీటీలో సాంద్రతకు కొలమానం) కనిపిస్తాయి. రెండూ ఒకచోట తగిలితే చాలు, కాలి ఎముక మొత్తం ధమని ఖాతాలో పడిపోతుంది.

1998లో వచ్చిన ఫ్రాంజి ఫిల్టర్‌ను మాత్రం నేను ఇప్పటికీ వదల్లేదు. ప్రతి బిందువు దగ్గరా వెలుగు ఏ దిక్కున నిలకడగా ఉంది, ఏ దిక్కుల్లో చటుక్కున పడిపోతోంది అని లెక్కగట్టి, గొట్టంలా ఉన్నదాన్ని పైకి తేలుస్తుంది. నాళం లావుకు తగ్గట్టు సిగ్మా (ఎంత లావు గొట్టాన్ని వెతకాలో ఫిల్టర్‌కు చెప్పే అంకె) మార్చుకుంటే సన్నటివి కూడా బాగా వస్తాయి. కానీ మోకాలి కింద ధమని చీలే చోట ఆకారం గొట్టంలా ఉండదు కదా, అక్కడ ఫిల్టర్ నీరసిస్తుంది. కాల్షియం గడ్డ ఉన్నా అంతే. బొమ్మలో తెగినట్టు కనిపిస్తుంది. చూసే సర్జన్‌కు అది బ్లాక్! అందుకే తెగిన ప్రతిచోటా అసలు స్లైసులు ఒక్కొక్కటీ తిప్పి చూడనిదే బొమ్మ పంపను.

ఇక డీప్ లెర్నింగ్. 2015 నాటి యూ-నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ మీద కట్టిన ఎన్ఎన్‌యూ-నెట్ తన సెట్టింగులు చాలావరకు తనే చూసుకుంటుంది. దాంతోనే తయారైన, స్కాన్‌లో అవయవాలను తనే గుర్తించే టోటల్‌సెగ్మెంటేటర్ అనే టూల్ కటి భాగం ధమనుల వరకు బాగా ఇస్తుంది, పిక్కల్లోని సన్న ధమనులు దాని ప్రధాన జాబితాలోనే లేవు. వాటికోసం మేమే మోడల్‌కు శిక్షణ ఇచ్చుకున్నాం. గ్రాఫిక్స్ కార్డు ఖర్చు సరే, కేసు తర్వాత కేసు చేత్తో గీసి ఇవ్వడమే ప్రాణం తీసింది. ఫలితం మాత్రం ఫిల్టర్ కంటే ఎంతో శుభ్రంగా ఉంది, ఎముక అంటుకోవడం దాదాపు పోయింది.

మోడల్ గీసిందీ చేత్తో గీసిందీ ఎంత కలిశాయో చెప్పే డైస్ స్కోరు చూసి మురిసిపోకండి. ధమని మధ్యలో రెండు వాక్సెల్స్ (స్కాన్‌లోని త్రీడీ చుక్కలు) మాయమైనా ఆ అంకె పెద్దగా కదలదు. మా పనిలో ఆ రెండు వాక్సెల్సే ముఖ్యం. నాళం మధ్యగీత తెగిందా లేదా చూసే సీఎల్‌డైస్ 2021లో వచ్చింది, నేను దాన్నే నమ్ముతాను.

ఇప్పుడు ముందు మోడల్ నడిపి, అది వదిలేసిన సన్న కొమ్మల కోసం ఫ్రాంజి వాడుతున్నాను. స్కాన్ కాస్త ఆలస్యమై సిరల్లోకి కూడా కాంట్రాస్ట్ దిగితే మాత్రం రెండూ చేతులెత్తేస్తాయి. ఆ సిరలను మౌస్‌తో నేనే చెరుపుకోవాలి, అలాంటి కేసు తగిలితే ఆ పూట లంచ్ మర్చిపోవాల్సిందే.