సిజేరియన్ తర్వాత నార్మల్‌కి హిప్నాసిస్: మూడేళ్ళు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను, హిప్నాసిస్ నా కాన్పు నొప్పి తీసెయ్యలేదు. గర్భసంచి ముఖద్వారం 6 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వీపులో ఇచ్చే మందు) అడిగి మరీ తీసుకున్నాను. అయినా ఆ సాధన లేకపోతే నార్మల్‌కి ప్రయత్నించే ధైర్యమే చేసేదాన్ని కాదు. హిప్నాసిస్ క్లాసులు అమ్మేవాళ్ళు మొదటి మాట చెప్పరు, ఎగతాళి చేసేవాళ్ళు రెండోది నమ్మరు.

2018లో బాబు పుట్టినప్పుడు నొప్పులు రావడానికి మందు పెట్టారు. 14 గంటల తర్వాత బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందంటూ థియేటర్‌కి తోసుకెళ్ళారు. కూర్చుని వివరించినవాళ్ళు లేరు. చలికి పళ్ళు టకటకలాడటం, నెత్తి మీద గుండ్రటి లైట్లు, పక్కన ఎవరో కరెంటు బిల్లు గురించి మాట్లాడుకోవడం, నాకు గుర్తున్నవి ఇవే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి స్పిరిట్ వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేది.

అందుకని 2022లో రెండోసారి నెల తప్పినప్పుడు సంతోషం కంటే ముందు ఆ లైట్లే కళ్ళ ముందుకొచ్చాయి. అత్తయ్య "ఎలాగూ ఆపరేషనే కదమ్మా, మంచి ముహూర్తం చూపిద్దాం" అన్నారు. ఆవిడని అని లాభం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తమ్మీద సిజేరియన్లు 21.5 శాతమైతే తెలంగాణలో 60.7 శాతం. మా వీధిలో అడిగితే ఇంకా ఎక్కువే తేలుతుందేమో.

ఈసారి చూపించుకున్న డాక్టరమ్మ పాత కాగితాలన్నీ చదివారు. గర్భసంచి కింది భాగంలో అడ్డంగా ఒక్కటే కోత, మధ్యలో నాలుగేళ్ళ ఎడం, బిడ్డ తల కిందికే ఉంది. ఇలాంటి వాళ్ళు ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుందనీ, పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుందనీ చెప్పారు. ఆ ఒక్కరు మనమే అయితే నిమిషాల మీద ఆపరేషన్ చెయ్యాలి. కాబట్టి థియేటరూ రక్తమూ సిద్ధంగా ఉండే ఆసుపత్రిలోనే, గుండె చప్పుడు మెషీన్ ఆపకుండా పెట్టుకుని అయితేనే సరే అన్నారు.

భయం సంగతి మాత్రం ఆవిడ చేతిలో లేదు. ఏడో నెలలో ఐదు ఆదివారాల ఆన్‌లైన్ క్లాసులో చేరాను. దాని మూలం గ్రాంట్లీ డిక్ రీడ్ అనే ఇంగ్లండు డాక్టరు దాదాపు తొంభై ఏళ్ళ క్రితం చెప్పిన మాట: భయపడితే ఒళ్ళు బిగుస్తుంది, బిగిస్తే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే భయం ఇంకా పెరుగుతుంది. హిప్నాసిస్ అంటే ఎవరో గడియారం ఊపి నిద్రపుచ్చడం అనుకున్నాను. నిద్రా లేదు, స్పృహ తప్పడమూ లేదు. 4 లెక్కపెడుతూ ఊపిరి తీసుకోవడం, 8 లెక్కపెడుతూ వదలడం, మనసులో పది మెట్లు దిగుతూ దవడ నుంచి కాలివేళ్ళ దాకా ఒక్కో భాగాన్నీ వదులు చేసుకోవడం. అది అలవాటయ్యే దాకా రోజూ 20 నిమిషాలు.

అసలు చిక్కు భాష దగ్గర వచ్చింది. ఆ ఆడియోల్లో నొప్పి అనే మాటే వాడకూడదట, 'అల' అనాలట. మన తెలుగులో కాన్పు మొదలవడాన్నే 'నొప్పులు రావడం' అంటాం, వేరే మాటేదీ? అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ "నొప్పులేమైనా వస్తున్నాయా?" అనే అడిగేది. అల అని నేనంటే మా ఆయన "వైజాగ్ వెళ్దామా?" అని నవ్వారు. చివరికి 'బిగువు' అని పెట్టుకున్నాం. ఇంగ్లీషు గొంతు పక్కన పడేసి, మా వంటింటి పక్క గదిలో కూర్చుని నా గొంతుతోనే తెలుగులో రికార్డు చేసుకున్నాను. మధ్యలో కుక్కర్ మూడు విజిల్స్ పడ్డాయి. మళ్ళీ చేసే ఓపిక లేక అలాగే ఉంచేశాను.

క్లాసు మొత్తంలో డబ్బుకి తగినది నాలుగో ఆదివారం. పాత ఆపరేషన్‌ని చిన్న టీవీలో, నలుపు తెలుపులో, శబ్దం తీసేసి, దూరంగా కూర్చుని చూస్తున్నట్టు ఊహించుకోమన్నారు. మొదటిసారి ఏడ్చేశాను. పదిసార్లయ్యాక ఆ లైట్లు ఉత్త లైట్లే అయ్యాయి. స్పిరిట్ వాసనా అంతే.

ఆ క్లాసులో నాకు నచ్చనిది, "మీ శరీరాన్ని నమ్మండి" అనే ఒక్క మాటతో అన్నీ తేల్చేయడం. డాక్టరమ్మ గట్టిగా చెప్పారు, బిగువుకీ బిగువుకీ మధ్య కూడా పాత కుట్టు దగ్గర నొప్పి తగ్గకపోయినా, రక్తం కనిపించినా ఊపిరి లెక్కపెడుతూ కూర్చోకుండా వెంటనే చెప్పమని. ఆపరేషన్ అయినవాళ్ళకి పాఠం ఇక్కణ్ణించే మొదలుపెట్టాలి. మా క్లాసులో ఈ ఊసే లేదు.

కాన్పు రోజు తెల్లవారుజామున 2 గంటలకి మొదలైంది. ఆసుపత్రికి వెళ్ళేదాకా, దారిలో స్పీడ్ బ్రేకర్ల మీద కూడా, ఊపిరి బాగా పనిచేసింది. అక్కడ పొట్టకి బెల్టులు కట్టారు, ఇయర్‌ఫోన్ వైరు వాటిలో చిక్కుకుంది, మెషీన్ బీప్‌కి నా పది మెట్లలో నాలుగో మెట్టు కూడా దాటలేకపోయాను. నర్సమ్మ అరగంటకోసారి "నొప్పులెలా ఉన్నాయమ్మా?" అనే పలకరింపు. మధ్యాహ్నానికి బిగువూ లేదు, 'అల' కూడా లేదు, "అమ్మా" అన్న కేక ఒక్కటే. వీపులో ఎపిడ్యూరల్ సూది వేసేటప్పుడు కదలకుండా కూర్చోమన్నారు. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి లెక్కపెడుతుంటే కదలకుండా కూర్చున్నాను. ఆ రోజు మొత్తంలో హిప్నాసిస్ చేసిన గొప్ప పని అదే. సాయంత్రం 4:40కి పాప పుట్టింది, 3.1 కిలోలు. కుట్లు పడ్డాయి. అయినా మర్నాడు నా అంతట నేనే లేచి స్నానానికి వెళ్ళాను.

తర్వాత తీరిగ్గా చదివితే పరిశోధనలు కూడా దాదాపు ఇదే అంటున్నాయి. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016 సమీక్షలో 9 అధ్యయనాలు కలిపి చూస్తే నొప్పి మందుల వాడకం మొత్తమ్మీద కొంత తగ్గవచ్చని తేలింది కానీ, ఎపిడ్యూరల్ తగ్గలేదు, నార్మల్ కాన్పులు పెరిగాయనడానికీ స్పష్టమైన ఆధారం దొరకలేదు. బ్రిటన్‌లో 680 మందితో చేసిన ప్రయోగంలోనూ ఎపిడ్యూరల్ తగ్గలేదు, కాన్పు భయం మాత్రం తగ్గింది. నాకు నార్మల్ అవడానికి కోత పడిన తీరూ, ఓపిక పట్టిన డాక్టరమ్మా కారణమనే నా నమ్మకం.

ఈ మూడేళ్ళలో రూట్ కెనాల్‌కి వాడాను, పాపకి పాలిచ్చిన రాత్రుల్లో వాడాను. ఇద్దరు పిల్లలతో 20 నిమిషాలు దొరకవు, మూడు దొరికితే గొప్ప. మొన్న మా చెల్లి ఆ రికార్డింగ్ పంపమంటే పంపాను. "అక్కా, ఇందులో కుక్కర్ విజిల్ ఏంటి?" అంది. ఏం చెప్పను, ఇప్పటికీ పప్పు ఉడుకుతూ మూడో విజిల్ పడితే నా భుజాలు వాటంతటవే వదులవుతాయి.