పియానోలో టెంపరమెంట్ మెనూ: ఏళ్లుగా వాడుతున్నాక

డిజిటల్ పియానో కొనేవాళ్లు కీల బరువు, స్పీకర్లు చూస్తారు. నేను మాత్రం ఏళ్లుగా టెంపరమెంట్ (స్వరాల మధ్య దూరాలను సర్దే శ్రుతి పద్ధతి) మెనూ కోసమే నా పియానోని ఇష్టపడుతున్నాను. ఈక్వల్ (పన్నెండు మెట్లూ సమానంగా ఉండే మామూలు శ్రుతి), ప్యూర్ మేజర్, ప్యూర్ మైనర్, పైథాగరియన్, మీన్‌టోన్, వెర్క్‌మైస్టర్, కిర్న్‌బెర్గర్ అని అందులో ఏడు పేర్లున్నాయి. మాన్యువల్‌లో ఒక్కోదానికి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. పేరు ఎలా వచ్చిందో తెలిస్తే, దాన్ని ఎప్పుడు వాడాలో సగం తెలిసినట్టే.

మీన్‌టోన్‌నే తీసుకోండి. స్వరాల కంపనాలు చిన్న సంఖ్యల నిష్పత్తిలో ఉండే శుద్ధ శ్రుతిలో సి నుంచి డి 9/8, డి నుంచి ఇ 10/9. ఆ పెద్ద టోన్‌కీ ఈ చిన్న టోన్‌కీ మధ్యస్థంగా ఒకే టోన్ పెట్టారు కాబట్టి ఆ పేరు. తేడా వెంటనే వినిపిస్తుంది. ఈక్వల్‌లో మధ్య సి, ఇ కలిపి నొక్కితే సెకనుకు దాదాపు 10 సార్లు అదురుతుంది. మీన్‌టోన్‌లో ఆ అదురే ఉండదు. తంబురా షడ్జమంలో దానంతటదే పలికే అంతర గాంధారం ఇదే. కానీ జి షార్ప్, ఇ ఫ్లాట్ కలిపితే భరించలేం! 702 సెంట్లు (ఈక్వల్‌లో ఒక సెమిటోన్ అంటే 100 సెంట్లు) ఉండాల్సిన ఫిఫ్త్, అంటే స-ప దూరం, అక్కడ 738కి పోతుంది. తోడేలు ఊళలా ఉంటుందనే దాన్ని వుల్ఫ్ అంటారు.

వెర్క్‌మైస్టర్ అనేది మనిషి పేరు, అందులోంచి పద్ధతి ఏమీ తెలియదు. ఆండ్రియాస్ వెర్క్‌మైస్టర్ జర్మనీకి చెందిన ఆర్గన్ కళాకారుడు. 1691లో ప్రచురించిన పద్ధతుల్లో ఇప్పుడు అందరూ వాడేది మూడోది. సి-జి, జి-డి, డి-ఎ, బి-ఎఫ్ షార్ప్ ఫిఫ్త్‌లను పైథాగరియన్ కామాలో (పన్నెండు శుద్ధ ఫిఫ్త్‌లు పేర్చితే ఏడు ఆక్టేవ్‌ల కంటే ఎక్కువయ్యే చిన్న తేడాలో) నాలుగో వంతు చొప్పున తగ్గించి, మిగతా ఎనిమిదింటినీ శుద్ధంగా వదిలేశాడు. అందుకే ఏ స్కేల్‌లోనైనా వాయించుకోవచ్చు. బాఖ్ అన్ని స్కేళ్లలో రాసిన రచనల సంపుటి వెల్-టెంపర్డ్ క్లావియర్‌ని నేను ఇందులోనే వాయిస్తాను. సి మేజర్ ప్రెల్యూడ్ హాయిగా సాగుతుంది, సి షార్ప్ మేజర్‌లో థర్డ్‌లు (స-గ దూరాలు) బాగా పదునెక్కుతాయి. ఆ తేడా ఈక్వల్‌లో దొరకదు.

కిర్న్‌బెర్గర్ బాఖ్ శిష్యుడు. నా పియానోలో ఆయన పేరున్న ట్యూనింగ్‌లో సి-ఇ పూర్తిగా శుద్ధం. నెమ్మదైన పాటలకు నా మొదటి ఎంపిక ఇదే. పైథాగరియన్ నాకు పెద్దగా ఉపయోగపడలేదు.

మెనూలో వల్లోట్టి ట్యూనింగ్ లేకపోవడం మాత్రం పెద్ద లోటు. పాడువాకి చెందిన ఈ 18వ శతాబ్దపు సంగీతకారుడు ఆరు ఫిఫ్త్‌లను కామాలో ఆరో వంతు చొప్పున తగ్గించాడు. థామస్ యంగ్ 1800లో ప్రచురించిన వాటిలో ఒకటి దీనికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇద్దరి పేర్లూ కలిపి చెబుతుంటారు.

కొనేముందు షాపులోనే మెనూ తెరిచి చూడండి. బేస్ నోట్ (ట్యూనింగ్‌ని ఏ స్వరం నుంచి లెక్కిస్తారో అది) మార్చుకునే వీలు లేకపోతే మీన్‌టోన్ ఉన్నా కొన్ని స్కేళ్లకే పనికొస్తుంది.