అంజూర మొక్కతో పాటు నులిపురుగుల్ని అంటగట్టాడు, మీరు జాగ్రత్త

నులిపురుగులంటే కడుపులో ఉండేవి కావు, మట్టిలో ఉండి మొక్కల వేర్లలో దూరే, కంటికి కనబడనంత సన్నని పురుగులు (నెమటోడ్లు). వాటివల్లే ఇవాళ పొద్దున రెండు వరసల టమాటా, ఒక వరస బెండ వేర్లతో సహా పీకేశాను. చేతులు కడుక్కుని నేరుగా వచ్చి ఇది రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు. అక్కడక్కడా మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

ఎవరి గురించి చెబుతున్నానో అంజూరం పెంచేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. కాయలతో వంగిన కొమ్మల ఫొటోలు రోజూ పెట్టే ఆయనే. ఆయన దగ్గర నాలుగు నెలల క్రితం బ్రౌన్ టర్కీ రకం అంజూర మొక్క ఒకటి కొన్నాను. మోకాలెత్తు మొక్క, పచ్చగా ఉంది, రెండు పిందెలు కూడా ఉన్నాయి. కూరగాయల మడి చివర, ఎండ బాగా పడేచోట నాటాను.

కొనేముందు వేర్లు చూపించమని అడిగాను. అడగకుండా కొనలేదు. "కవరు తీస్తే మొక్క షాక్ తింటుంది మేడమ్. మీరు నాటేటప్పుడు కూడా మట్టిముద్ద కదపకుండా అలాగే పెట్టేయండి" అన్నాడు. మొక్క మీద శ్రద్ధ కొద్దీ చెబుతున్నాడనుకున్నాను. ఇంటికి తెచ్చి, కవరు కోసి, ముద్దను ఉన్నదున్నట్టు గుంటలో దించాను. కవరు అడుగున రాలిన మట్టి నల్లగా, గుల్లగా ఉంటే, మంచి మట్టి పారేయడం ఎందుకని టమాటా నారు మొదళ్లలో, మిగిలింది బెండ వరసలో చల్లాను. ఆ పని నా చేతులతో నేనే చేశాను. ఆయన చేసినదానికి ఎంత కోపంగా ఉందో, దీనికి నా మీద నాకూ అంతే కోపంగా ఉంది.

నెల దాటాక టమాటా మొక్కలు మధ్యాహ్నానికి వాలిపోవడం, సాయంత్రానికి తేరుకోవడం మొదలైంది. మట్టి తడిగానే ఉంది. ఆకులు పసుపెక్కుతుంటే బలం చాలలేదేమోనని కంపోస్టు వేశాను. బెండ గిడసబారిపోయింది. అంజూరం కొత్త ఆకు వేయడం మానేసింది, పిందెలు రెండూ రాలిపోయాయి. ఇన్ని కనబడుతున్నా ఒక్క మొక్క పీకి వేర్లు చూద్దామని నాకు తోచలేదు.

నిన్న తోచింది. బెండ మొక్క పీకితే వేర్లంతా పూసలు గుచ్చినట్టు బుడిపెలు. చిక్కుడు జాతి మొక్కల వేర్లకు ఉండే మంచి బుడిపెలు కావు ఇవి. అవైతే వేరు పక్కన అంటుకుని ఉంటాయి, గోటితో గీకితే ఊడొస్తాయి. ఇక్కడ వేరంతా ఉబ్బిపోయి ఉంది, గీకితే తోలు లేస్తోంది తప్ప బుడిపె రావడం లేదు. టమాటా పీకాను, అదే. అప్పుడు అంజూరం తవ్వాను. నా మట్టిలోకి కొత్తగా పాకిన వేర్ల మీద చిన్నచిన్న బుడిపెలు ఉన్నాయి. లోపల, కవరు ఆకారంలోనే చుట్టుకుపోయి ఉన్న పాత వేర్ల మీద మాత్రం పెద్దపెద్దవి, నల్లబడి కుళ్లినవి. మొదట రోగం పట్టింది ఎక్కడో ఆ వేర్లే చెబుతున్నాయి. మట్టిముద్ద కదపొద్దని ఎందుకన్నాడో కూడా అప్పుడే అర్థమైంది.

ఫొటోలు తీసి ఆయనకు పంపాను. నిజం చెప్పాలంటే డబ్బు వెనక్కి అడుగుదామని కాదు. ఆయనకూ తెలియక జరిగిందేమో, తెలిస్తే మిగతావాళ్లకు అమ్మకుండా ఆపుతాడు కదా అనుకున్నాను. "అది వేర్లు బలంగా ఉన్నాయనడానికి గుర్తు మేడమ్" అని జవాబొచ్చింది. ఇవి నులిపురుగుల బుడిపెలండీ, అంజూరానికి ఇవి బాగా పడతాయి అని రాశాను. నులిపురుగులూ అవీ ఈమధ్య వీడియోల వాళ్లు పుట్టించినవి అన్నాడు. దోస వేర్ల మీద ఈ బుడిపెల్ని, వాటిలోని పురుగుల్ని ఇంగ్లండులో బర్క్‌లీ అనే ఆయన 1855 లోనే రాసి పెట్టాడు. అదే పంపాను.

పది నిమిషాల తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. మాట ఒక్కటీ మార్చకుండా రాస్తున్నాను. "మా దగ్గర అంజూరాలన్నిటికీ ఇలాగే ఉంటాయి. కాయలు కాయట్లేదా ఏంటి? అయినా కూరగాయల పక్కన నాటమని నేను చెప్పానా మీకు?"

మూడుసార్లు విన్నాను. అన్నిటికీ ఉన్నాయని ఆయనకు తెలుసు. పక్క మొక్కలకు పాకుతుందనీ తెలుసు, తెలియకపోతే కూరగాయల మాట ఎందుకు ఎత్తుతాడు? అన్నీ తెలిసే, నేను వేర్లు చూపించమని నిలబడి అడిగినప్పుడు షాక్ పేరు చెప్పి దాటేశాడు. ఒక్క మాట, "కుండీలోనే పెంచుకోండి, నేలలో వద్దు" అని ఉంటే నా మడి మిగిలేది. నేను తిరిగి జవాబు రాసేలోపు బ్లాక్ చేశాడు.

ఒక మొక్క పోతే పోయిందనుకోవచ్చు. ఇది మట్టికి పట్టింది. ఒక్క ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది, మట్టి వెచ్చగా ఉంటే నెల రోజుల్లో ఇంకో తరం వచ్చేస్తుంది. టమాటా, వంగ, బెండ, దోస, క్యారెట్ దేన్నీ వదలదు. వాటంతట అవి ఏడాదికి ఒక మీటరు కూడా పాకలేవట. నీటితో, మట్టితో, మన పనిముట్లతోనే దూరం వెళ్తాయి. నా మడిలో అంత త్వరగా పాకించింది ఆ కవరు మట్టే, అంటే నేనే. ఎన్నేళ్లుగానో కంపోస్టు కలిపి, చెత్త ఏరి, గుల్లబరిచిన మట్టి అది. అక్కడే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఎండలు ముదిరాక మడి తడిపి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు ఆరు వారాలు కప్పి ఉంచుతాను. తర్వాత ఒక పంటకాలం నిండుగా బంతి వేస్తాను. పూర్తిగా పోవు, తగ్గుతాయి. పురుగులు వేర్లలో, మట్టిలో ఉంటాయి తప్ప పై కొమ్మల్లో ఉండవు కాబట్టి అంజూరం నుంచి నేలకు తగలని కొమ్మలు మూడు కత్తిరించి, కొత్త కుండీలో కొత్త మట్టిలో గుచ్చాను. వేర్లు పోసుకుంటాయేమో చూడాలి.

మీరు ఎవరి దగ్గర కొన్నా కవరు విప్పి వేర్లు చూపించమనండి. చూపించకపోతే వదిలేయండి. వేర్లు లేని కొమ్మ ముక్క తెచ్చుకుని నాటుకోవడం ఇంకా మేలు. ఆయన దగ్గర ఇప్పటికే కొన్నవాళ్లు ఇవాళే మొక్క పక్కన కొంచెం తవ్వి ఒక్క వేరు చూడండి, తవ్విన పనిముట్టు కడగకుండా కూరగాయల మడిలో పెట్టకండి.